మా పెద్దత్త చూసిన సినిమా

మొన్న నంద్యాలలో మా బావకు సన్మానం చేశారు. బావ అంటే మా ఆయన పెద్దమ్మ కొడుకు. మీలో చాలామందికి ఆయన ముఖం తెలుసు, పేరు మాత్రం చప్పున తట్టదు. తెర మీద కనపడగానే "ఈయనే, ఆ సినిమాలో జడ్జీగా వేసినాయన" అని పక్కవాళ్ళను మోచేత్తో పొడుస్తారు చూడండి, ఆ రకం నటుడు. జడ్జీగా వేశాడు, దొంగగా వేశాడు, పెళ్ళిళ్ళ పేరయ్యగా వేశాడు, చచ్చిపోయే తాతగా లెక్కలేనన్నిసార్లు వేసి లెక్కలేనన్నిసార్లు చచ్చిపోయాడు. పేరు నేనూ చెప్పను. చెబితే ఆయనకేం కోపం రాదు. ఇంటి సంగతులు బజారులో పెట్టానని మా ఆయన మాత్రం అలిగి ఒకపూట అన్నం మానేస్తాడు. ఆ మానేసిన అన్నాన్ని సాయంత్రం మళ్ళీ నేనే వేడి చేయాలి.

రైల్వే స్టేషన్ దారిలో ఉన్న ఆ ఫంక్షన్ హాలు నిండా అభిమానులే. జూపాడు బంగ్లా నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. బావ ఏదో సినిమాలో కోడల్ని ఇంట్లోంచి గెంటేసే మామగా వేశాడు. ఆ సినిమా వచ్చి ఎంతో కాలమైనా ఆవిడకు కోపం చల్లారలేదు. మనిషి నిజంగా ఎట్లాంటివాడో కళ్ళారా చూసిపోదామని వచ్చిందట. తీరా బావ వేదిక ఎక్కుతూ మెట్టు మీద తడబడితే, "పట్టుకోండప్పా ఆయన్ని" అని అందరికంటే ముందు లేచింది ఆవిడే. వేదిక మీద వాదన అప్పటికే ముదిరింది. మిడుతూరులో పంతులు పని చేసి దిగిపోయిన పెద్దాయన ఒకాయన మైకు పట్టుకుని, బావ గొంతంతా నాటకాల్లోనే అయిపోయిందనీ, సినిమా వాళ్ళకు దక్కింది అడుగుబొడుగనీ తేల్చేశాడు. వెనక వరుసల్లోని కాలేజీ పిల్లలు ఒప్పుకోలేదు. వాళ్ళకు బావ అంటే ఒక తుమ్ము. ఏదో పెళ్ళి సన్నివేశంలో ఆయన తుమ్మబోయి, ఆపుకుని, మళ్ళీ తుమ్మబోయి ఆపుకునే ఆ ముక్క అందరి ఫోన్లలోనూ తిరుగుతోందట. చివరికి అందరూ కలిసి బావ చేత వేదిక మీద తుమ్మించారు.

ఆ తర్వాత మా ఆయన వంతు వచ్చింది. పొద్దున్నుంచీ ఇస్త్రీ నలగకుండా నిలబడే తిరిగిన మనిషి, మైకు ముందుకు పోయి గొంతు సవరించుకున్నాడు. నాటకమా సినిమానా అని కొట్లాడుకునే వాళ్ళంతా అసలు సంగతి మర్చిపోయారనీ, ఆయన మొట్టమొదటి సినిమాలో వేసిన కాపలావాడి వేషం ముందు ఈ తుమ్ములూ జడ్జీలూ ఎందుకూ పనికిరావనీ అన్నాడు. ఆ ముక్కను ఎవరిచేతనో వెతికించి పెట్టాడు కూడా. తెర మీద పాతబడి మసకేసిన చీకట్లో ఒక గడ్డపు ముసలివాడు లాంతరు పైకెత్తి, "ఎవరు బాబూ" అన్నాడు. హాలంతా చప్పట్లు. అందరూ తెర వైపు చూస్తుంటే నేను బావ వైపు చూశాను. ఆయన తల దించుకుని, కప్పిన శాలువా కుచ్చులు ఒక్కొక్కటే వేలికి చుట్టుకుంటున్నాడు. ఆ చప్పట్లు నాకు ఎక్కడో దూరంగా, రాయి మీద ఉలి పడుతున్నట్టు వినిపించడం మొదలైంది. అంతే, నేను ఆ హాల్లో లేను.

నేను కాపురానికి వచ్చిన ఆళ్ళగడ్డలో పొద్దు ఆ ఉలి చప్పుడుతోనే మొదలయ్యేది. రోడ్డు పొడవునా విగ్రహాలు చెక్కేవాళ్ళు. మా ఇంటి ముందు ఎప్పుడు ఊడ్చినా చేటలో నల్లరాతి పొడి పడేది. మా ఇంటికీ పెద్దత్త ఇంటికీ నడుమ గోడ ఒకటే. పెద్దత్త అంటే బావను కన్నతల్లి, మా అత్తకు అక్క. పెద్దమామ చర్చిలో ఉపదేశి. సైకిల్ మీద పల్లెలు తిరిగి ప్రార్థనలు పెట్టేవాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నవ్వితే ఏమైనా ఖర్చవుతుందేమో అన్నట్టుండే ముఖం. ఇంట్లో రేడియో లేదు. పాటలంటే కీర్తనలే, కతలంటే బైబిలు కతలే. అట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరిగా ఒకసారి, తూర్పు దేశపు జ్ఞానిగా ఒకసారి, రాజుగారి సిపాయిగా ఒకసారి, అదే పూట వేషం మార్చి మార్చి వచ్చాడట. చర్చిలో పిల్లలు తక్కువై ఏదో సర్దుబాటుకు చేసిన పని అది. కానీ ముగ్గురూ ఒక్కడేనని పాస్టరు అయ్యగారు కూడా కనిపెట్టలేకపోయారట. బావకు రుచి తగిలింది అక్కడే.

పెద్దయ్యాక ఆయన పద్యనాటకాల సమాజంలో చేరిపోయాడు. అక్కడా మనుషులు తక్కువే, వేషాలు ఎక్కువే. రాజుగా వచ్చి పద్యం పాడి వెళ్ళినవాడే, ఇంకాసేపటికి మా అత్త పట్టుచీర కట్టుకుని సవతి తల్లిగా వచ్చేవాడు. ఆ చీర మీద రంగు మరకలు నేను కాపురానికి వచ్చేనాటికి కూడా పోలేదు. నంద్యాలలో నాటక పోటీలు జరిగితే ఆళ్ళగడ్డ నుంచి మావాళ్ళంతా బస్సెక్కి పోయేవాళ్ళు. అందరికీ నాయకుడు మా ఆయన. వాళ్ళకొక వింత అలవాటుండేది. నాటకానికి ముందు ఎవరిది ఏ వేషమో మైకులో పేర్లు చదువుతారు కదా, అప్పుడు వీళ్ళు బయటే నిలబడేవాళ్ళు. శనక్కాయలు తింటూ, పేర్లు చదవడం అయిపోయిందని నిర్ధారణ చేసుకున్నాకే లోపలికి పోయేవాళ్ళు. బావ ఏ గడ్డం వెనకాల ఉన్నాడో, ఏ ముసుగులో ఉన్నాడో వాళ్ళంతట వాళ్ళు కనుక్కోవాలి. అదే వాళ్ళ ఆట. తిరిగి వచ్చేటప్పుడు బస్సంతా ఆ వాదనే. ఎంత గుర్తుపట్టలేని వేషమైతే అంత గొప్పగా చేశాడని లెక్క.

ఇవన్నీ పెద్దమామకు తెలియక కాదు. తెలిసీ చాలాకాలం ఊరుకున్నాడు. ఒకరోజు పొద్దున, నాటకం ఆడి నేరుగా వచ్చిన బావ నుదుటి మీద కిరీటం అతికించిన జిగురు అట్లాగే ఉంది. చెంపల మీద ఎరుపూ పూర్తిగా పోలేదు. పెద్దమామ వాకిట్లోనే నిలబెట్టాడు. "దేవుడిచ్చిన మొగం మీద రంగు పూసుకుంటాండావు. అది కడుక్కున్న పొద్దు ఇంటికి రా" అన్నాడు. నిజానికి తొట్టి అక్కడే ఉంది, నీళ్ళూ ఉన్నాయి. చెంబెడు నీళ్ళు కొట్టుకుంటే సరిపోయేది. కానీ ఇద్దరికీ తెలుసు ఆ మాట నీళ్ళ గురించి కాదని. బావ తల వంచుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు మద్రాసులో ఉన్నాడన్నారు. మద్రాసు వైపు పోయే లారీ ఇంటి ముందు ఆగితే పెద్దత్త, డ్రైవరు నీళ్ళు అడగకముందే చెంబు పట్టుకుని బయటికి వచ్చేది.

నేను కాపురానికి వచ్చింది ఆ తర్వాత. బావను పెళ్ళిలో కూడా చూడలేదు. కొడుకు ఎట్లుంటాడో నాకు పెద్దత్తే చెప్పేది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఉన్నట్టుండి, వాడికి కుడికంటే ఎడమచెవి కాస్త ముందుకుంటుందని చెప్పేది. మళ్ళీ రాళ్ళ మీదికి వంగేది. ఆమెకు ఉన్నది ఒకటే కోరిక. వాడు తిరిగి రావాలని కూడా అనేది కాదు. వాడిప్పుడు ఎట్లుండాడో ఒక్కసారి చూడాలి. చిక్కాడో, ఒళ్ళు చేశాడో, నెత్తిన జుట్టుందో లేదో. అది కూడా బయటికి అనేది కాదు. ఆ చెవి సంగతి చెప్పినప్పుడల్లా నాకు అర్థమయ్యేది.

అట్లాంటి రోజుల్లో మద్రాసు నుంచి ఎవరో కబురు తెచ్చారు. బావ ఒక సినిమాలో వేశాడనీ, అది నంద్యాలకు వచ్చిందనీ. ఏ వేషమో కబురు తెచ్చినాయనకు తెలియదు. మావాళ్ళకు కావలసింది కూడా అదే. అందరూ పోయి, అలవాటు ప్రకారం తెర మీద పేర్లు పడడం అయిపోయేదాకా హాలు బయట నిలబడి, తర్వాత లోపలికి పోయారు. తిరిగి వచ్చేసరికి తీర్మానం అయిపోయింది. బావది కాపలావాడి వేషం. ముఖమంతా గడ్డం, నెత్తిన తలపాగా, వంగిపోయిన నడుము. ఎంత చూసినా గుర్తుపట్టలేకపోయారు కాబట్టి అది ఆయనే అయి తీరాలి. నాకెందుకో అనుమానం వచ్చి అడిగాను. "ఆ లాంతరు ఎత్తేది చూసింటే నువ్వు ఆ మాట అనవు. ఆ ఎత్తేది మా అన్నకు తప్ప ఇంగెవునికీ రాదు" అన్నాడు మా ఆయన. పెళ్ళయిన కొత్త, ఊరుకున్నాను. ఊరంతా పాకింది. ఉలి పట్టుకున్న వాళ్ళు కూడా పని ఆపి కాపలావాడిలా లాంతరు ఎత్తి చూపించుకునేవాళ్ళు.

పెద్దత్తకు ఆ కాపలావాణ్ని చూపించాలని మా ఆయన పట్టుపట్టాడు. ఆమె అంతవరకూ సినిమా హాలు గడప తొక్కలేదు. ఉపదేశి భార్య సినిమాకు పోవడమంటే చిన్న విషయం కాదు. అందుకని కండ్లు చూపించుకోవడానికి నంద్యాల పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నామని పెద్దమామతో చెప్పారు. ఆమె కండ్లకేమీ రోగం లేదు. వడ్లగింజల్లో రాయి దూరం నుంచే కనిపెట్టేది. పెద్దమామ మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసి, సరేనని తలూపి బైబిల్లోకి తిరిగిపోయాడు. బస్సులో ఆమె పక్కన నేను కూర్చున్నాను. శిరివెళ్ళ దాటాక కిటికీలోంచి పసుపు తోటల వాసన, దూరంగా ఎండలో కరిగిపోతున్నట్టు నల్లమల కొండలు. పెద్దత్త చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. దారి పొడవునా పెదవులు కదులుతూనే ఉన్నాయి. తప్పు చేస్తున్నందుకు క్షమాపణ అడుగుతోందో, బిడ్డ కనపడాలని అడుగుతోందో. రెండూ ఒకే ప్రార్థనలో అడిగి ఉంటుంది.

మధ్యాహ్నం ఆట. మగవాళ్ళు ముందు, మేమిద్దరం వెనక ఆడవాళ్ళ బెంచీల్లో. బయటి ఎండలోంచి ఆ చీకట్లోకి పోతే కాసేపు ఏమీ కనపడలేదు. తల మీదుగా పోయే వెలుగు చారలో బీడీ పొగ మెల్లగా సుళ్ళు తిరుగుతోంది. పెద్దత్త ఆ పొగను చూస్తూ కూర్చుంది, సినిమా అంటే అదేనేమో అన్నట్టు. నేను తెర వైపు చూపించాను. కథ ఇప్పుడు నాకు గుర్తులేదు. ఎవరో జమీందారు కారు దిగి ఎండలో నడిచి వస్తాడు, పల్లె జనమంతా దండాలు పెడతారు. హాలంతా జమీందారు మీసాలు చూసి ఈలలు వేస్తోంది. అప్పుడు పెద్దత్త చెయ్యి నా చేతిని పట్టుకుంది. ఆ పట్టు నాకిప్పటికీ తెలుస్తుంది.

"పాపా, ఆడుండేది మావాడు" అంది.

యాడ అని అడిగాను. గొడుగు పట్టుకున్నాడు చూడమంది. జమీందారు వెనక ఒక మనిషి పెద్ద నల్లగొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. గొడుగు అంచు దిగి ముఖం సగమే కనపడుతోంది. నీడంతా జమీందారు మీద, ఎండంతా ఆ మనిషి మీద. నేను ఆమెను సముదాయించబోయాను, బావది కాపలావాడి వేషమట, ఇంకా రాలేదని. ఆమె తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఆ కాపలావాడు ఎవుడన్నా కానీ. సొంత మొగంతోనే ఉండాడు గదా నా కొడుకు, కనపడలా నీకు?"

అప్పుడు చూశాను. ఎడమచెవి కాస్త ముందుకు ఉంది. అంతలోనే జమీందారు ఇంట్లోకి వెళ్ళిపోయాడు, గొడుగు వాకిట్లో ఆగిపోయింది, తెర మీద ఇంకేదో వచ్చింది. మావాళ్ళు ఎన్ని గడ్డాల వెనకా ముసుగుల వెనకా ఆయన్ని కనుక్కున్నారో. గడ్డం లేకుండా, రంగు లేకుండా, ఉన్న ముఖంతో ఉన్నవాడు తమ కళ్ళెదురుగానే నడిచిపోతే ఒక్కరూ చూడలేదు. ఆయన అట్లా కూడా ఉంటాడని వాళ్ళకు తట్టలేదు. తర్వాత ఏదో హాస్యం సన్నివేశం వచ్చి హాలంతా పగలబడి నవ్వుతుంటే పెద్దత్త కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది. బావను అంతకుముందు నేను చూసిందే లేదు, అయినా వచ్చింది.

కాపలావాడు వచ్చినప్పుడు మావాళ్ళు లేచి నిలబడి ఈలలు వేశారు. మా ఆయన వెనక్కి తిరిగి పెద్దమ్మకు కనపడేలా రెండు చేతులూ ఊపాడు. ఆమె కూడా చెయ్యి ఊపింది. విరామంలో మావాళ్ళు సోడాలు పట్టుకుని వచ్చి, మీవాడు ఎట్లుండాడని అడిగితే, బాగుండాడు నాయనా అంది. వాళ్ళటు పోగానే నా చెవి దగ్గరికి వంగింది. "వాళ్ళకు చెప్పొద్దు పాపా. ఇంత దూరం పిల్చుకొచ్చినారు. చిన్నబుచ్చుకుంటారు" అంది. ఆట అయిపోయాక, ఇంకొకసారి చూస్తానని ఆమే అడిగింది. మా ఆయన సంబరం చూడాలి. అందరం మళ్ళీ సాయంత్రం ఆటకు కూర్చున్నాం. గొడుగు వచ్చింది, నడిచింది, వాకిట్లో ఆగింది. ఆగీ ఆగకముందే పెద్దత్త చీర సర్దుకుని లేచింది, బస్సు పోతుంది పాండి అని. అన్న ఇంకా రాలేదు పెద్దమ్మా అని మా ఆయన మొత్తుకున్నాడు. "వాడు యాడికి పోతాడులే నాయనా, ఆడనే ఉంటాడు" అని ఆమె తలుపు వైపు నడిచింది.

ఇల్లు చేరేసరికి పెద్దమామ లాంతరు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన అడిగిన మాటలూ ఆమె చెప్పిన మాటలూ నడుమ గోడ అవతలి నుంచి కాదు, పక్కనే నిలబడి విన్నాను.

"కండ్లు చూసినారా?"

"చూసినారు."

"బాగా కనపడతాండాయా?"

"కనపడతాండాయి."

పెద్దమామ బైబిలు మూసి, అద్దాలు తీసి దాని మీద పెట్టాడు.

"బక్కగయినాడా?"

"లేదు. నల్లగయినాడు. ఎండలో నిలబెడతాండారు" అంది పెద్దత్త. అని వంటింట్లోకి పోయింది. పెద్దమామ ఆ అద్దాలు చాలాసేపు మళ్ళీ పెట్టుకోలేదు.

కొన్నాళ్ళ తర్వాత ఆయన మా ఆయన్ని పిలిచి, క్రిస్మస్ పండక్కి మీ అన్నను రమ్మని కబురు పంపమన్నాడు. మా ఆయన నసుగుతూ రంగు సంగతి ఎత్తాడు. "రంగు లేకుండానే ఉండాడంట గదా, ఇంగేం" అన్నాడు పెద్దమామ. కాపలావాడికి గంపెడు గడ్డం, గిన్నెడు మసి. పెద్దమ్మకు చూపు ఆననట్టుంది, పెద్దనాయనకు తప్పు చెప్పినట్టుంది, అయినా మంచిదే అయింది అని మా ఆయన ఇంటికొచ్చి నాతో గుసగుసలాడాడు. నేను పప్పులో కారం వేస్తూ ఊ కొట్టాను. తన మాట తప్పకుండా కొడుకును ఇంటికి పిలుచుకునే దారి ఒకటి ఆ మనిషికి దొరికింది. ఆ దారి చూపించింది పెద్దత్త.

బావ వచ్చాడు. నిజంగానే నల్లబడ్డాడు. పెద్దమామ ప్రార్థన మామూలు కంటే పొడుగ్గా చేశాడు, అన్నం చల్లారిపోయింది. సాయంత్రం మావాళ్ళందరూ వాకిట్లో చుట్టూ మూగి ఆ కాపలావాడి వేషం గురించి మొదలుపెట్టారు. పెద్దత్త కర్జికాయలు చేస్తూ గడప దగ్గరే కూర్చుని ఉంది. పెద్దమ్మ కూడా చూసిందన్నా, రెండు ఆటలు చూసింది అని మా ఆయన గర్వంగా చెప్పాడు. బావ ఒక్కసారి తల్లి వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు. "ఊ" అన్నాడు. అంతే. పెద్దమామ దగ్గాడు. పెద్దత్త కర్జికాయ అంచు మడుస్తూ తల ఎత్తలేదు. ఆ రాత్రి కాదు, మర్నాడు బావను బస్సెక్కించి వచ్చాక ఆమె నాతో అంది, ఎప్పటికీ వాడికి చెప్పొద్దని. "ఇంగొకనికి గొడుగు పట్టేది అమ్మ చూసిందని తెలిస్తే వాడు సిగ్గుపడతాడు" అంది.

పెద్దత్త ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. బావకు పెద్ద వేషాలు రావడం, పేరు రావడం, మా ఇళ్ళకు టీవీలు రావడం అన్నీ ఆమె పోయిన తర్వాతి సంగతులే. టీవీలో బావ జడ్జీగా తీర్పు చెబుతుంటే పెద్దమామ కొన్నాళ్ళు చూశాడు. వరండాలోంచి కుర్చీ కాస్త లోపలికి జరుపుకునేవాడు.

సన్మానం అయిపోయాక మమ్మల్ని హాలు పక్క గదిలో కూర్చోబెట్టి టీ, బజ్జీలు పెట్టారు. బావ, మా ఆయన, నేను. బావ శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని కుచ్చులు సర్దుతూ అన్నాడు.

"తమ్ముడూ, ఆ కాపలావాడు నేను కాదప్పా."

మా ఆయన చేతిలో బజ్జీ అట్లాగే ఆగిపోయింది. మరి ఆ పొద్దు ఊ అంటివే అన్నాడు.

"అమ్మ ఆడ కూచోనుండె. కాదంటే నువ్వు యాడుండావని అడుగుతాది. ఏం చెప్పేది? ఎవునో పరాయోన్ని చూసి నా కొడుకనుకోని పోయింది. ఇన్ని వేసాలు కట్టినా, అదొక్కటి నన్ను ఇడిసిపెట్టలా."

ఇంతకాలం ఈ మనిషి మోసింది ఇదా అనిపించింది నాకు. పెద్దత్త చెప్పొద్దన్నది వాడు సిగ్గుపడతాడని. సిగ్గుపడే వయసు ఆయనకు ఎప్పుడో దాటిపోయింది. దాచిపెట్టి ఆయన్ని ఇంకా ఏడిపించమని మాత్రం ఆమె అని ఉండదు.

"ఆమె కాపలావాన్ని చూళ్ళేదు బావా. గొడుగు పట్టుకున్న నిన్ను చూసింది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగిన తీరు చెప్పలేను. గొడుగు సంగతి ఈ భూమ్మీద తనకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. నీకెట్ల తెలుసని అడిగాడు. అంతా చెప్పాను. నా చెయ్యి పట్టుకున్నది, సొంత ముఖంతోనే ఉన్నాడన్నది, రెండో ఆటలో గొడుగు వరకే చూసి లేచింది, పెద్దమామ అడిగింది, నల్లబడ్డాడని ఆమె చెప్పింది. చెబుతుండగానే ఆయన ఏడ్చాడు. సినిమాల్లో బావ ఏడిస్తే చూడడానికి బాగుంటుంది. ఇది బాగాలేదు. ముక్కు కారింది, శాలువాతోనే తుడుచుకున్నాడు. నాయనకు కూడా తెలుసా అని మళ్ళీ అడిగాడు. తెలుసన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ తెలుసన్నాను.

మా ఆయన అప్పటిదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎంతో ఆలోచించి, మెల్లగా, "మరి ఆ కాపలావాడు ఎవుడన్నా?" అన్నాడు. బావకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఎవడో తెలియదనీ, ఎవడైనా బాగా చేశాడనీ అన్నాడు. బాగా చేశాడన్న మాట వినగానే మా ఆయన ముఖం కాస్త తేరుకుంది. చేతిలోని బజ్జీ కూడా తినేశాడు.

ఆళ్ళగడ్డకు తిరిగి వస్తుంటే కారులో మా ఆయన నిద్రపోయాడు. నల్లమల మీద వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. కొండలు ఉన్నాయో లేవో తెలియని ఆ వెలుగులో, తెల్లచీర కట్టుకుని పెదవులు కదుపుతున్న మనిషి నా పక్కనే కూర్చుని ఉన్నట్టుంది. ఆ మధ్యాహ్నం ఒక తల్లి చూసిన చూపు కొడుకును చేరేసరికి కొడుకు ముసలివాడయ్యాడు, నేనూ ముసలిదాన్నయ్యాను. చూసిన ఆమె మాత్రం నా కళ్ళకు ఇంకా ఆ వయసులోనే ఉంది.